నూనె వార్నిష్‌ను ఆపింది ఎవరు? గాలి చట్టాలు, కర్నూలు అంగళ్ళు

కర్నూలు పెయింటు అంగళ్ళలో ఆయిల్ వార్నిష్ అడిగితే ఈ మధ్య ఒక జవాబు తరచూ వినపడుతోంది. "అది ఇప్పుడు రావడం లేదు సార్, పొల్యూషనోళ్ళు ఆపేసినారంట." అమెరికాలో పిల్లలున్నవాళ్ళు దానికి ఇంకో మాట కలుపుతారు. "మా పిల్లోడుండే కాలిఫోర్నియాలోనూ అంతే, ఆయిల్ పాలిష్ డబ్బా దొరకదంట." ఈ రెండు మాటలూ కలిసి ఒక నమ్మకమైపోయింది. గాలి కాలుష్య చట్టాలు నూనెతో చేసిన చెక్క పాలిష్‌లను నిషేధించాయని, ఇక మనకు మిగిలింది మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) లాంటి కొత్తరకం పాలిష్‌లేనని.

కాలిఫోర్నియా సంగతి సగం నిజం. అక్కడ కొన్ని డబ్బాలు నిజంగానే అంగళ్ళ నుంచి పోయాయి, కాకపోతే నూనె ఉందన్న కారణంతో పోలేదు. కర్నూలులో వార్నిష్ తగ్గిపోవడానికి మాత్రం ఏ గాలి చట్టంతోనూ సంబంధం లేదు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే నష్టపోయేది కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు, అంతకన్నా ఎక్కువగా పాలిష్ వాసన రోజంతా పీల్చే పనివాళ్ళు. అందుకే మొదటి నుంచి చెప్పుకొస్తాను.

డబ్బాలో ఏముంటుంది

ఆయిల్ వార్నిష్‌లో ప్రధానంగా ఉండేవి మూడు. ఆరి గట్టిపడే నూనె, దానితో కలిపి వండిన రెసిన్ (గట్టి బంకలాంటి పదార్థం), ఈ రెంటినీ పలచన చేసి బ్రష్‌కు సాగేలా చేసే ద్రావకం. ఆ ద్రావకం సాధారణంగా మన పెయింటర్లు టర్పెంటైన్ అని పిలిచే మినరల్ టర్పెంటైన్. పైన్ చెట్టు బంక నుంచి తీసే అసలు టర్పెంటైన్ వేరు; ఇది పెట్రోలియం నుంచి వచ్చేది. వీటికి తోడు నూనె త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కొద్దిగా వేస్తారు. వాటిని డ్రయర్లు అంటారు.

వార్నిష్ వేశాక రెండు పనులు జరుగుతాయి. మొదటి కొన్ని గంటల్లో ద్రావకం గాల్లోకి లేచిపోతుంది. ఆ తర్వాత నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, ఒక అణువు మరో అణువుతో ముడిపడి పొరగా గట్టిపడుతుంది. అవిసె నూనె పలచగా రాసిన గాజు ముక్కను తూకం వేస్తూ పోతే ఆరేకొద్దీ దాని బరువు కొంత పెరుగుతుంది కూడా, గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంది కాబట్టి. అంటే ద్రావకం గాలికి ఇచ్చేది, నూనె గాలి నుంచి తీసుకునేది. పూర్తిగా ఇంతేనా అంటే, ఆరేటప్పుడు నూనె కూడా ఆల్డిహైడ్లనే ఘాటు ఆవిర్లను కొన్ని వదులుతుంది, అవిసె నూనె రాసిన చెక్కకు కొన్ని రోజులు వచ్చే వాసన అదే. కానీ ద్రావకంతో పోలిస్తే ఆ పరిమాణం చాలా తక్కువ. ఈ తేడా గుర్తుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అన్ని నూనెలూ ఇలా ఆరవు. ఒక నూనెకు ఆరే గుణం ఎంత ఉందో అంచనా వేయడానికి అయోడిన్ విలువ అనే కొలత ఉంది. అవిసె నూనెకు అది సుమారు 170 నుంచి 200. మన నల్లరేగళ్ళలో పండే కుసుమ నూనెకు 140-150 ప్రాంతం, పొద్దుతిరుగుడుకు 120-140. అనంతపురం జిల్లా వేరుశనగ నూనెకు 100కు అటూ ఇటూ; తలుపుకు రాస్తే ఏడాదైనా జిడ్డుగానే ఉంటుంది, దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఆముదం ఇంకా తక్కువ, 80-90. కానీ ఆముదాన్ని ఫ్యాక్టరీలో వేడిచేసి, దాని అణువులోంచి నీటిని బయటికి లాగేస్తే అది మంచి ఆరే నూనెగా మారుతుంది. రంగులు, వార్నిష్‌ల పరిశ్రమ దాన్ని విరివిగా వాడుతుంది. కుసుమ నూనెకు ఇంకో మంచి గుణం ఉంది. అవిసె నూనెలాగా అది కాలం గడిచేకొద్దీ అంత పసుపెక్కదు. రాయలసీమ మెట్ట చేలల్లో పండేవాటిలో రెండు పంటలకు చెక్క పాలిష్‌తో ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మన రైతుల్లో చాలామందికి తెలియదు. అది తెలియాలని నాకు గట్టిగా ఉంది.

లాస్ ఏంజెలెస్ ఎందుకు తూకం వేసింది

1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచు ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. అనాసపండు వాసనకు కారణమైన రసాయనాల మీద పనిచేసిన ఆరీ హాగెన్-స్మిత్ అనే శాస్త్రవేత్త, అక్కడి క్యాల్‌టెక్ అనే విద్యాసంస్థలో తన పరికరాలతోనే నగరం గాలిని పరీక్షించి అసలు సంగతి బయటపెట్టాడు. వాహనాల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండలో కలిసి చర్య జరిపి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తున్నాయి. పై వాతావరణంలో మనల్ని కాచే ఓజోనే ఊపిరితిత్తుల దగ్గరికి వస్తే విషం.

ఈ ఆవిరయ్యే కర్బన పదార్థాలనే వీఓసీలు అంటారు. పెట్రోలు ఆవిరి, థిన్నర్, టర్పెంటైన్, స్పిరిట్ అన్నీ ఈ కోవలోవే. వాహనాల పొగ తగ్గించడం మొదలుపెట్టాక, మిగిలిన వీఓసీలు ఎక్కడినుంచి వస్తున్నాయని చూస్తే రంగులు, వార్నిష్‌లు తేలాయి. ఒక్కో డబ్బా నుంచి వచ్చేది కొంచెమే, కానీ కోటిమంది ఉండే నగర ప్రాంతంలో గోడలు, తలుపులు, కిటికీలు ఎన్నుంటాయో చూడండి. అక్కడి దక్షిణ తీర గాలి నియంత్రణ సంస్థ 1977లోనే రంగుల మీద రూల్ 1113 అనే నిబంధన తెచ్చింది. 1990లో అమెరికా కేంద్ర ప్రభుత్వం క్లీన్ ఎయిర్ చట్టాన్ని సవరించి దేశమంతటికీ ఇలాంటి పరిమితులు పెట్టమంది. 1998లో ప్రకటించిన ఆ నిబంధనలు 1999 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి.

ఆ నిబంధనలో నూనె పేరు చెప్పి పెట్టిన నిషేధం ఎక్కడా లేదు. అందులో ఉన్నది ఒక్కటే: లీటరు సరుకులో ఎన్ని గ్రాముల వీఓసీ ఉండొచ్చు అన్నది. కేంద్ర నిబంధన వార్నిష్‌కు 450 గ్రాములు, లక్కర్‌కు (ద్రావకం ఎగిరిపోగానే ఆరే పాలిష్‌కు) 680, లక్కతో చేసే పారదర్శక షెల్లాక్‌కు 730 వదిలింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతం దాంతో ఆగలేదు. 2006 జులై నుంచి పారదర్శక చెక్క పాలిష్‌లకు 275 గ్రాములకు, 2007 నుంచి చెక్కకు రంగు పట్టించే స్టెయిన్లకు 100 గ్రాములకు దించేసింది.

450 నుంచి 275కు రావడం కాగితం మీద చిన్న మార్పులా కనిపిస్తుంది. డబ్బా లోపల చూస్తే కాదు. మినరల్ టర్పెంటైన్ లీటరు సుమారు 780 గ్రాములు తూగుతుంది. 450 గ్రాములంటే దాదాపు 577 మిల్లీలీటర్లు. అంటే లీటరు వార్నిష్‌లో సగానికి పైగా ద్రావకమే, చెక్క మీద నిలిచే సరుకు 423 మిల్లీలీటర్లు. 275 గ్రాములైతే ద్రావకం సుమారు 353 మిల్లీలీటర్లు, చెక్క మీద నిలిచేది 647. ఒక లెక్కన కొనేవాడికి ఇది లాభమే, అదే డబ్బాలో ఎక్కువ పాలిష్ వస్తుంది. చిక్కంతా బ్రష్ దగ్గర వస్తుంది. ద్రావకం తగ్గితే సరుకు పాకంలా చిక్కబడుతుంది. దాన్ని మళ్ళీ సాగేలా చేయాలంటే రెసిన్ అణువులను చిన్నవిగా వండాలి. చిన్న అణువులు ముడిపడి పొర కట్టడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. పైగా పొర మందంగా పడుతుంది కాబట్టి పైన చర్మంలా ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రాత్రి వేసి పొద్దున ఎమ్రీ పేపర్ పట్టగలిగిన వార్నిష్ స్థానంలో, రెండు రోజులైనా వేలికి అంటుకునేది వచ్చింది. పాతకాలపు పనివాళ్ళకు కోపం రావడంలో న్యాయముంది.

కంపెనీలు వెతుక్కున్న దారులు

ఒక దారి చిన్న డబ్బా. అమెరికా కేంద్ర నిబంధన లీటరు, అంతకన్నా చిన్న డబ్బాలకు వర్తించదు. చిన్నపాటి మరమ్మతులకు కొనేవాళ్ళు ఇబ్బంది పడకూడదని ఇచ్చిన మినహాయింపు అది. దాంతో గాలన్ (సుమారు 3.8 లీటర్లు) డబ్బాల్లో పోయిన వార్నిష్ క్వార్ట్ (గాలన్‌లో నాలుగో వంతు) డబ్బాల్లో బతికింది. పెద్ద పని ఉన్నవాళ్ళు ఒక గాలన్ బదులు నాలుగు చిన్న డబ్బాలు కొన్నారు, ధర ఎక్కువైనా. ఇది మరీ ఎక్కువవుతోందని లాస్ ఏంజెలెస్ ప్రాంతం తర్వాతి సవరణల్లో ఈ వెసులుబాటును కుదిస్తూ వచ్చింది.

ఇంకో దారి మినహాయింపు ద్రావకాలు. అన్ని వీఓసీలూ ఓజోన్‌ను ఒకే వేగంతో పుట్టించవు. అసిటోన్ చాలా నెమ్మది కాబట్టి 1995లో దాన్ని వీఓసీల జాబితా నుంచి తీసేశారు. అసిటోన్ ఎంత పోసినా లెక్కలోకి రాదు. నాకు ఇది మింగుడుపడని భాగం. అసిటోన్ ఆవిరి సున్నా డిగ్రీల కన్నా బాగా కిందే అంటుకోగలదు. ఊరి మీది ఓజోన్ తగ్గించడానికి చేసిన మార్పు, గదిలో పనిచేసేవాడి పక్కన నిప్పు ప్రమాదాన్ని పెంచింది. నిబంధన రాసినవాళ్ళు చూసింది నగరం గాలిని. గది గాలి వాళ్ళ లెక్కలో లేదు.

మూడో దారి నీళ్ళ పాలిష్‌లు. ఇక్కడ అంకెలు చదివేవాళ్ళను బాగా తికమకపెట్టే విషయం ఒకటుంది. అమెరికాలో వీఓసీని లెక్కగట్టేటప్పుడు డబ్బాలోని నీటిని ముందు తీసేస్తారు. లీటరు నీళ్ళ పాలిష్‌లో 100 గ్రాముల ద్రావకం, 550 మిల్లీలీటర్ల నీళ్ళు ఉన్నాయనుకోండి. 100ను లీటరుతో కాకుండా మిగిలిన 450 మిల్లీలీటర్లతో భాగిస్తారు. లేబుల్ మీద 222 గ్రాములు అని పడుతుంది. నిజంగా గాల్లోకి పోయేది 100 గ్రాములే. నీళ్ళు పోసి అంకె తగ్గించుకునే వీలు లేకుండా ఈ పద్ధతి పెట్టారు, అది సబబే. యూరప్‌లో నీటిని తీసేయరు. వాడకానికి సిద్ధంగా ఉన్న లీటరుకు ఎంతో అంతే. అక్కడ 2004 నాటి ఆదేశం తలుపులు, కిటికీల వార్నిష్‌లకు రెండు వేరువేరు పరిమితులు పెట్టింది. 2010 నుంచి ద్రావకంతో చేసినవాటికి 400 గ్రాములు, నీళ్ళతో చేసినవాటికి 130. అందుకే ఇంటర్నెట్‌లో అమెరికా అంకెను, యూరప్ అంకెను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు తప్పు నిర్ణయానికి వస్తారు.

ఇన్ని మార్పుల మధ్య ఏ ఇబ్బందీ లేకుండా బతికింది ఏమిటో తెలుసా? ద్రావకమే లేని నూనె. పచ్చి అవిసె నూనె, టంగ్ చెట్టు గింజల నూనె, నూనెలో మైనం కలిపి చేసే హార్డ్‌వ్యాక్స్ ఆయిళ్ళలో ద్రావకం లేని రకాలు. వీటిలో గాల్లోకి లేచిపోయేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి 275 అయినా 100 అయినా వీటికి భయం లేదు. యూరప్‌లో చెక్క నేలలకు వీటి వాడకం బాగా పెరిగింది. కాలిఫోర్నియాలో పోయింది ద్రావకం ఎక్కువగా పోసిన, గుడ్డతో రాసే పలచటి వార్నిష్‌లు, త్వరగా ఆరే రకాలు, ఆయిల్ స్టెయిన్లు. వాటి మీద ఆయిల్ అని రాసి ఉండటంతో నూనెకే నిషేధమన్న పేరు వచ్చింది.

మన దగ్గర చట్టం చూసేది దుమ్మును

ఇక మన ఊళ్ళ సంగతి. గాలి కాలుష్య నివారణ చట్టం 1981లోనే వచ్చింది. 2009 నవంబరులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాల్లో ఓజోన్‌కు ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, బెంజీన్‌కు ఏడాది సగటు 5 అని ఉంది. కాబట్టి వీఓసీ సమస్య మన చట్టానికి తెలియనిదేమీ కాదు. కానీ 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ఊళ్ళ పనితీరును కొలిచేది ముఖ్యంగా పీఎం10తో, అంటే సన్నని దుమ్ముతో. ప్రమాణాలు దాటిన పట్టణాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. కర్నూలు, కడప, అనంతపురం మూడూ అందులో ఉన్నాయి.

మన నేలకు దుమ్ము మీద దృష్టి పెట్టడం సరైనదే. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్లలో నాపరాళ్ళ కోత, మూడు ఊళ్ళలోనూ తవ్వి వదిలేసిన రోడ్లు, నెలల తరబడి వాన ఎరుగని నేల. పీఎం10కు ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాన్ని అందుకోవడానికి రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే ట్యాంకర్లు, చెట్లు. ఈ ప్రణాళికల్లో వార్నిష్ డబ్బాకు చోటు లేదు.

అమెరికాలోలాగా ఇంటికి వాడే వార్నిష్‌లో లీటరుకు ఇన్ని గ్రాములే వీఓసీ ఉండాలని తప్పనిసరి పరిమితి మన దగ్గర లేదు. డబ్బాలోపలికి నిజంగా చేయిపెట్టిన నిబంధన సీసానికి సంబంధించింది. 2016లో కేంద్రం ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని నిబంధన తెచ్చి, 2017 నవంబరు నుంచి అమలు చేసింది. పాతకాలంలో సీసం లవణాలను డ్రయర్లుగా వాడేవారు కాబట్టి ఇది నూనె రంగుల తయారీని మార్చింది, మంచికే. వీఓసీ విషయంలో మాత్రం ప్రభుత్వం ఇచ్చే ఎకోమార్క్ లాంటి స్వచ్ఛంద ముద్రలే ఉన్నాయి. తీసుకోవాలనుకున్న కంపెనీ తీసుకుంటుంది.

ఇంకో దొడ్డిదారి ఉంది. పర్యావరణానికి మేలైన భవనాలకు ఇచ్చే హరిత భవనాల రేటింగులు. వాటిలో లీడ్ (LEED) అనే అమెరికా రేటింగు తన పాత నియమాల్లో పాలిష్‌లకు ఏకంగా లాస్ ఏంజెలెస్ రూల్ 1113నే ప్రమాణంగా పెట్టుకుంది. హైదరాబాదు, బెంగళూరుల్లో రేటింగు కోరుకునే ఆఫీసు భవనాలకు అలా తక్కువ వీఓసీ పాలిష్‌లు వస్తాయి. కంపెనీలు ఆ సరుకు తయారుచేసి, మెల్లగా మన ఊరి డీలరు దాకా పంపిస్తాయి. కర్నూలు అంగట్లో వాటర్ బేస్డ్ పీయూ డబ్బా కనిపిస్తే, దాని వెనక ఉన్నది ఎక్కువగా ఈ దారే. రేటింగుతో పని లేని ఇళ్ళకు ఆ డబ్బా దుబారాగా కనిపిస్తుంది.

అయితే వార్నిష్ ఎందుకు పోయింది

ఎండాకాలంలో కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు అవతల ఒక కొత్త ఇంట్లో పాలిష్ పని చూశాను. టేకు తలవాకిలి, లోపల పూజగది తలుపులు. గోడలకు మరకలు పడకుండా, బయటి దుమ్ము రాకుండా కిటికీలన్నిటికీ పేపర్లు అంటించారు. కంప్రెసర్ మోగుతోంది. పాలిష్ మేస్త్రి మెలమైన్‌ను ఒక పాత బకెట్‌లో పోసి, హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపి, పైన థిన్నర్ వంపాడు. కొలత లేదు, కర్రతో తిప్పి, ఎత్తి ధార ఎలా కారుతుందో చూసి, ఇంకొంచెం వంపాడు. ముఖానికి దస్తీ కట్టుకుని స్ప్రే గన్ను పట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో గది మొత్తం కళ్ళు మండే ఆవిరి. వార్నిష్ ఎందుకు వేయడం లేదని అడిగితే ఆయన చెప్పిన జవాబు సూటిగా ఉంది. "గురువారం ముహూర్తం సార్. వార్నిష్ ఒక కోటు ఆరాలంటే రేపు ఈ టైమవుతాది. మూడు కోట్లు ఎప్పుడు కొట్టేది, ఎప్పుడు ఇల్లు అప్పజెప్పేది?"

అసలు కారణం ఇదే. గృహప్రవేశం తేదీ ముందే ఖాయమవుతుంది. ప్లాస్టరింగు, కరెంటు, టైల్స్ ఆలస్యమైన రోజులన్నీ వచ్చి చివరి పని మీద పడతాయి. చివరి పని పాలిష్. మెలమైన్ కొన్ని గంటల్లోనే తదుపరి కోటుకు సిద్ధమవుతుంది, అద్దంలా మెరుస్తుంది, ఫోటోల్లో బాగుంటుంది. డీలరుకు సీలరు, థిన్నరు, హార్డెనరు కూడా అమ్ముడవుతాయి. దుమ్ము విషయంలోనూ మేస్త్రికి న్యాయముంది. మన గాలిలో వార్నిష్ రాత్రంతా తడిగా ఉంటే పొద్దుటికి చేయి పెడితే గరుగ్గా తగులుతుంది. చట్టం పట్టించుకునే దుమ్మే, చట్టం పట్టించుకోని ద్రావకం వైపు పనివాణ్ణి తోస్తోంది.

ఈ మార్పు వల్ల గాలికి జరిగిందేమిటి? అమెరికా నిబంధనల అంకెలే సాక్ష్యం. వార్నిష్‌కు 450 ఇచ్చినవాళ్ళు లక్కర్‌కు 680 ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే లక్కర్ స్వభావమే అంత. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ థిన్నర్ కలిపాక బకెట్‌లో నాలుగింట మూడు పాళ్ళ దాకా ఎగిరిపోయేదే. మెలమైన్ కూడా గన్నుకు సరిపడా పలచబరిస్తే చాలా భాగం ద్రావకమే. దానికి తోడు మెలమైన్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. రెండు డబ్బాల పీయూలో హార్డెనర్ ఐసోసయనేటు. స్ప్రే చేసేవాళ్ళకు ఉబ్బసం తెచ్చిపెట్టే రసాయనాల్లో అది పేరుమోసినది. మన ఊళ్ళో కాలుష్యమన్న పేరుతో వెనక్కి పోయిన నూనె వార్నిష్, దాని స్థానంలోకి వచ్చిన వాటికన్నా తక్కువ ద్రావకం వదిలేది.

అలాగని లాస్ ఏంజెలెస్ నిబంధనను యథాతథంగా కర్నూలుకు తెచ్చుకోవాలని నేను అనను. ఓజోన్ పుట్టాలంటే వీఓసీతో పాటు నైట్రోజన్ ఆక్సైడ్లు కావాలి, ఎండ కావాలి. ఎండకు మనకు కొదవ లేదు. కానీ వాహనాలు మహానగరమంత లేని చోట్ల ఓజోన్ ఎంత పుడుతుందన్నది ఎక్కువగా నైట్రోజన్ ఆక్సైడ్ల మీదే ఆధారపడుతుంది, వీఓసీ కొంత తగ్గించినంత మాత్రాన పెద్ద ఫలితం రాకపోవచ్చు. అనంతపురం గుల్జార్‌పేటలో, కడప ఎర్రముక్కపల్లెలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. పేపర్లు అంటించిన ఆ గదిలోని గాలి అలాంటి ఏ కేంద్రానికీ అందదు. మనకు కావలసిన నిబంధన ఆ గది నుంచి మొదలవ్వాలి. డబ్బా మీద వీఓసీ అంకె తప్పనిసరిగా ముద్రించాలి, థిన్నర్ కలిపాక అది ఎంతవుతుందో కూడా పక్కనే ఉండాలి, స్ప్రే పనికి ఆవిరిని ఆపే సరైన మాస్కు ఇచ్చే బాధ్యత కాంట్రాక్టరు మీద పెట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ నూనె పాలిష్‌ను అంగడి నుంచి తీసేయదు.

ఇల్లు కట్టుకునేవాళ్ళకు

అంతవరకు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఎండ, వాన తగిలే తలవాకిలికి ఆయిల్ వార్నిష్ ఇప్పటికీ మంచి ఎంపిక, ఎండ తట్టుకునే రకమని డబ్బా మీద ఉంటే. పొర కాస్త సాగుతుంది కాబట్టి చెక్క ఉబ్బినా కుంచించినా పెచ్చులూడటం తక్కువ, నాలుగేళ్ళ తర్వాత ఎమ్రీ పట్టి పైన ఇంకో కోటు వేయొచ్చు. మెలమైన్ బయట ఎండకు పగుళ్ళిస్తుంది. దాన్ని మరమ్మతు చేయాలంటే మొత్తం గీకాల్సిందే. లోపలి తలుపులకు, పిల్లలు పడుకునే గదుల్లోని బీరువాలకు వాటర్ బేస్డ్ పాలిష్ లేదా ద్రావకం లేని నూనె బాగుంటుంది. వాటర్ బేస్డ్ మన ఎండాకాలంలో మరీ త్వరగా ఆరి బ్రష్ గీతలు మిగులుస్తుంది, అందుకని పొద్దున చల్లపూట వేయించండి. పలచన చేయాల్సి వస్తే ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళు వద్దు, శుద్ధి చేసిన నీళ్ళు వాడాలి.

పనిని ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆయిల్ వార్నిష్‌కు మూడు కోట్లంటే కనీసం నాలుగైదు రోజులు, ఆ తర్వాత వాసన పోవడానికి ఇంకొన్ని. తలుపులను బిగించకముందే ఒక షెడ్డులో పాలిష్ చేయించి తెస్తే ఈ తొందర చాలావరకు తప్పుతుంది.

నిప్పు గురించి రెండు జాగ్రత్తలు. మినరల్ టర్పెంటైన్ ఆవిరి సుమారు 30-40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. కర్నూలులో మే నెల మధ్యాహ్నం గది వేడి దాన్ని దాటుతుంది. కాబట్టి పాలిష్ జరిగే గదిలో బీడీ, స్టవ్వు, వెల్డింగు ఏదీ ఉండకూడదు. రెండోది చాలామందికి నమ్మబుద్ధి కానిది. అవిసె నూనె తుడిచిన బనీను గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, నూనె ఆక్సిజన్ పట్టుకునేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక, ఏ అగ్గిపుల్లా లేకుండా వాటంతట అవే అంటుకోవచ్చు. వాడిన గుడ్డలను విడివిడిగా ఆరబయట తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచి మూతున్న డబ్బాలో పెట్టాలి.

డబ్బా కొనేటప్పుడు డీలరును టెక్నికల్ డేటా షీట్ అడగండి. తెలిసిన కంపెనీలవి చాలావరకు నెట్‌లోనూ దొరుకుతాయి. అందులో వీఓసీ అంకె ఉందేమో, ఉంటే డబ్బాలో ఉన్నప్పటిదా, థిన్నర్ కలిపిన తర్వాతదా చూడండి. థిన్నర్ ఎంత శాతం కలపాలో కూడా అందులోనే ఉంటుంది. ఆ శాతాన్ని కాగితం మీద రాసి మేస్త్రికి ఇచ్చి, కొలత గుర్తులున్న ఒక ప్లాస్టిక్ మగ్గు కూడా కొనిపెట్టండి. లీటరు సరుకుకు 200 మిల్లీలీటర్లు చాలని షీట్‌లో ఉన్నచోట బకెట్‌లోకి అర లీటరు వంపేస్తే, పొర పలచబడి ఇంకో కోటు వేయాల్సి వస్తుంది. ఆ కోటుకు మళ్ళీ థిన్నర్ పడుతుంది.